నాకు మాఫీ వద్దు

నేను ఎవరికీ బాకీ లేను. అయినా పద్నాలుగు వేల ఎనిమిది వందల రూపాయలు ఎగ్గొట్టానని, ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికి వచ్చే వేళకు, చర్చి గేటు ముందర నన్ను దొంగను నిలేసినట్టు నిలేశారు.

నిలేసిన వాడు కుర్రవాడేం కాదు, ముప్పై దాటినవాడే. బండి మీద నుంచి దిగనైనా దిగలేదు. చేతిలో ఫోను, భుజానికి అడ్డంగా సంచి. నా పేరు, మా నాన్న పేరు, మా గల్లీ పేరు అన్నీ వరసగా చదివాడు.

"నువ్వేనా పెద్దాయనా? ఫోన్ ఎత్తవేంది? మెసేజ్‌లు చూడవా?"

లాటరీ తగిలిందని వచ్చేవాటితో పాటు అవి కూడా చెరిపేసి ఉంటాను. ఆ మాటే చెప్పాను.

"లాటరీ కాదు, బాకీ! చౌరస్తా తాన బట్టల దుకాణం ఖాతా. ఎప్పుడు కడ్తవ్?"

"ఆ దుకాణంల నాకు బాకీ లేదు."

"అందరు గిట్లనే అంటరు. తెల్లంగి తొడుక్కొని ప్రార్థన చేస్తే లెక్క మాఫ్ అయితదా తాతా?"

నా వెనకాల చెప్పులు వేసుకుంటున్న ఆడవాళ్లు మాటలు ఆపేశారు. "ఏందట?" అని ఒకామె, "బాకీ అట" అని ఇంకొకామె. అతను ఒక కాగితం నా జేబులో కుక్కి బండి తిప్పుకొని పోయాడు. జేబులో కుక్కడమే! చేతికి కూడా ఇవ్వలేదు.

మా సంఘంలో కానుకలు లెక్కపెట్టేది నేను. బట్టల మిల్లులో పనిచేసినంత కాలం, మిల్లు మూతపడి ఇంట్లో కూర్చున్న తరువాత కూడా ఆ పెట్టె తాళం చెవి నా మొలతాడుకే ఉండేది. బడికి పోని నాకు ఆ పని అప్పజెప్పారంటే లెక్కలు బాగా వచ్చని కాదు, నా మీద ఒక్క మాట లేదని. అక్షరాలు నేను దుకాణాల బోర్డులు చూసి, బైబిలు చూసి నేర్చుకున్నాను. ఒక్కొక్క బోర్డు ముందర ఎంతసేపు నిలబడేవాణ్ణంటే, దొంగచూపులు చూస్తున్నానని ఒక దుకాణంవాడు నన్ను అదిలించాడు కూడా. ఇన్నేళ్లకు మళ్లీ ఆ అదిలింపు విన్నట్టయింది.

వెనక్కి తిరిగి లోపలికి పోయి, పాస్టరుగారి చేతిలో తాళం చెవి పెట్టాను.

"ఇదేంది అన్నా?"

"మీ తాన ఉండనీయుండ్రి అయ్యగారు. బాకీ లేనని కాగితం తెచ్చినంక మళ్ల తీసుకుంట."

"ఎవడో బండి మీద వచ్చి ఏదో కూస్తే నువ్వు తాళం ఇస్తవా? నువ్వు గిట్ల ఇస్తే జనం నిజమే అనుకుంటరు."

ఆ మాట నిజమే. కానీ అప్పటికే ఇచ్చేశాను. ఇచ్చింది వెనక్కి తీసుకునే మనిషిని కాను.

ఇంటికి వచ్చాక కూర్చోలేకపోయాను. గుమ్మం నుంచి పెరడు, పెరడు నుంచి గుమ్మం. మా ఆవిడ అన్నం గిన్నె పట్టుకొని నా వెంట తిరిగింది. "కూసో జర. బీపీ గోలి వేసుకున్నవా? వాణ్ణి తరువాత తిట్టుకుందువు, ముందు తిను." నిజం చెప్పాలంటే నాకు భయం లేదు. ఒళ్లంతా ఉడుకు. మిల్లులో సమ్మె రోజుల తరువాత అంత ఉడుకు నాకు ఎక్కలేదు. పోట్లాడటానికి ఒకటి దొరికిందని కాళ్లూ చేతులూ ముందుగానే పసిగట్టినట్టున్నాయి.

కాగితం ఇంగ్లీషులో ఉంది. మా కోడలు చదివి చెప్పింది. మెంబరు కార్డు ఫీజు ఒకటి, సంవత్సరం సంవత్సరం. అది కట్టనందుకు జరిమానా. జరిమానా మీద వడ్డీ. వడ్డీ కట్టనందుకు మళ్లీ జరిమానా.

"కార్డు ఎప్పుడు తీసుకున్నరు మామయ్యా?"

"కార్డు మొఖం నేనెన్నడు చూసిన?"

"మరి మొట్టమొదటి గీతల పాత బాకీ అని ఉన్నది. ఒక్క రూపాయి."

ఒక్క రూపాయి! అది విన్నాక గాని నేను కుర్చీలో కూలబడలేదు. ఆ రూపాయి నాకు తెలుసు.

ఇప్పుడు నాలుగంతస్తుల అద్దాల షోరూము ఉన్నచోట అప్పుడు మెట్లెక్కి పోయే చిన్న బట్టల దుకాణం ఉండేది. పరుపు మీద సావుకారి, ఆయన వెనకాల గోడకు లక్ష్మీదేవి పటం. క్రిస్మస్ ముందు నెలలో నేను, మా ఆవిడ, నలుగురు పిల్లలు అక్కడికి పోయేవాళ్లం. "రా తమ్మి, మీ పండుగ వస్తేనే నాకు పండుగ" అని ఆయన పిల్లలకు ముందు బటాణీలు పెట్టించేవాడు. ఆ తరువాతే గుడ్డల తాను విప్పించేవాడు. మగపిల్లలందరికీ ఒకే తాను, ఆడపిల్లకు పూల గుడ్డ. అంతా ఉద్దెర. మిల్లు జీతం అందినప్పుడల్లా కొంత కొంత ఇస్తూ ఎండాకాలం దాకా తీర్చేవాణ్ణి.

ఆఖరి పైసలు ఇచ్చే రోజు మాత్రం ఆయన మొత్తం తీసుకునేవాడు కాదు. ఒక రూపాయి నా వైపే నెట్టేవాడు.

"ఇది నీ తాన్నే ఉంచు."

"ఎందుకు సావుకారి? మొత్తం తీస్కో, పీడ పోతది."

"లెక్క మొత్తం తెంపుకుంటే మనిషిని తెంపుకున్నట్టే తమ్మి. రూపాయి మిగిలి ఉంటే మళ్ల నా మెట్లెక్కుతవ్."

అట్లా ఆయన అందరికీ ఉంచేవాడు కాదు. సరిగ్గా తీర్చినవాళ్లకే. మధ్యలో జారుకున్నవాళ్లను ఆ గడప తొక్కనిచ్చేవాడు కాదు. ఆ రూపాయి నాతో వెనక్కి వచ్చినప్పుడల్లా నేను మెట్లు కొంచెం నిక్కుకుంటూ దిగేవాణ్ణి. పిల్లలు పెద్దవాళ్లై వాళ్ల బట్టలు వాళ్లే కొనుక్కోవడం మొదలుపెట్టాక ఆ దుకాణానికి పోవడం తగ్గింది. సావుకారి పోయాడని విని చూడటానికి పోయాను. ఆ రూపాయి మాట అప్పుడు ఎవరు ఎత్తుతారు?

మా ఆవిడ అంతా విని, "అప్పుడే ఆ రూపాయి ఆయన ముందర పారేసి వస్తే అయిపోతుండె గదా" అంది.

"అది పారేసే రూపాయి కాదే!"

"ఇప్పుడు చూడు, పిల్లలు పెట్టింది."

మరునాడు ఆ వసూలు మనిషికి నేనే ఫోన్ చేశాను. నిజం చెబితే విషయం తేలిపోతుందని నా నమ్మకం. "చూడు బాబూ, రూపాయి ఉన్న మాట నిజం, కాని అది..." అన్నానో లేదో, అతను అందుకున్నాడు.

"ఆ! ఒప్పుకున్నవ్ గదా! కాల్ రికార్డ్ అయితాంది తాతా, ఫికర్ చేయకు. సగం కట్టు, మిగిలింది నేను చూస్త."

"రూపాయికి సగం అర్ధ రూపాయి. వచ్చి తీస్కపో."

అతను నవ్వాడు. నవ్వి, వచ్చే ఆదివారం మళ్లీ చర్చికే వస్తానన్నాడు. ఇక ఆగలేదు. చొక్కా మార్చుకొని చౌరస్తాకు ఆటో ఎక్కాను.

షోరూము తలుపు దగ్గర చల్లటి గాలి మొఖం మీద కొట్టింది. పైఅంతస్తులో ఆఫీసు. బయట బల్ల మీద ఒకామె కూర్చొని ఉంది, నా ఈడుదే. ఒళ్లో చేతిసంచి, చేతిలో నా జేబులో కుక్కిన కాగితం లాంటిదే ఇంకొకటి. పలకరిస్తే చెప్పింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దటి రైలుకు వచ్చిందట. సగం కడితే వదిలేస్తారన్నారని, చెవి కమ్మలు కుదువబెట్టి పైసలు తెచ్చిందట.

"నీకెట్ల బాకీ అయింది అక్కా?"

"ఏమో అన్నా! ఆ పెద్ద సావుకారి ఉన్నప్పుడు పిల్లల పెండ్లిళ్లకు చీరెలన్నీ ఈడనే తెచ్చిన. అన్నీ కట్టిన. ఒక్క రూపాయే ఉంచుకొమ్మన్నడు."

నేను బల్ల మీద నుంచి లేచి నిలబడ్డాను. "ఏమన్నడు? మళ్ల చెప్పు!"

"రూపాయి ఉంచుకొమ్మన్నడు. మళ్ల రావాల్నని."

ఆమె చేతిసంచి మీద నా చెయ్యి వేశాను. "అక్కా, ఈ సంచి తెరిచినవంటే నా మీద ఒట్టే." నా గొంతు ఎంత లేచిందో ఏమో, చీరెలు మడతపెడుతున్న పిల్లలందరూ తలలెత్తి చూశారు.

ఆఫీసు తలుపు తెరుచుకుంది. సావుకారి కొడుకు. చిన్నప్పుడు పరుపు పక్కన కూర్చొని మా పిల్లలతో బటాణీల కోసం కొట్లాడినవాడే. ఇప్పుడు తల నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు, కానీ లోపలికి పిలిచి నీళ్లు ఇప్పించాడు. మేమిద్దరం ఒకరి మాట మీద ఒకరం పడి చెప్పాం. అతను కంప్యూటర్ వైపు తిరిగి చాలాసేపు చూశాడు.

"మేము పాత ఖాతాలు కార్డులకు మార్చినప్పుడు, సున్న ఉన్న ఖాతాలన్నీ తీసేసినం అంకుల్. ఎంతో కొంత ఉన్నవి ఉంచినం. అవన్నీ వసూలుకు ఇచ్చినం."

"అంటే ఎగ్గొట్టినోళ్లతోని కలిపి మమ్ముల గూడ ఇచ్చిండ్రు."

"కంప్యూటర్‌కు రూపాయి అంటే రూపాయే కదా అంకుల్."

"కంప్యూటర్‌ను అడుగుత లేను. నిన్ను అడుగుతాన. మీ నాయిన ఆ రూపాయి ఎవరికి ఉంచిండో నీకు తెలువదా?"

అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తరువాత చాలా మర్యాదగా అన్నాడు: "మీ ఇద్దరిది మాఫీ చేస్త. ఇప్పుడే. పైస కట్టొద్దు."

ఆమె రెండు చేతులు ఎత్తి దండం పెట్టింది. "సల్లగుండు కొడుకా!"

"నాకు మాఫీ వద్దు" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"మాఫీ అంటే మంచిదే గదా అన్నా! మళ్లెందుకు లొల్లి?" అంది ఆమె.

"మాఫీ అంటే నేను బాకీ ఉన్న, నువ్వు దయతోని వదిలిపెట్టినవ్ అని. చర్చి కాడ నలుగురు విన్నది అదే అయితది. ముసలోడు ఎగ్గొట్టిండు, సావుకారి కొడుకు పాపమని వదిలేసిండు అంటరు. నాకు కావాల్సింది, నేను బాకీ లేనని కాగితం."

"ఏదైనా ఒకటే కదా అంకుల్, పైసలైతే కట్టే పని లేదు గదా?"

"ఒకటే అయితే నాకు కావాల్సిందే రాసియ్యి!"

అతను నవ్వలేదు, కోప్పడలేదు. వసూలు కంపెనీతో ఒప్పందం ఉందనీ, బాకీ లేదని రాసిస్తే ఖాతా ఎందుకు అప్పగించావని వాళ్లు తన మీద పడతారనీ, మాఫీ అయితే సులువనీ చెప్పాడు. వాళ్ల కష్టం వాళ్లది. నేను లేచాను. ఆమె నా వెంట మెట్లు దిగుతూ, "నువ్వు మొండోడివి అన్నా" అంది. కిందికి వచ్చాక సంచి ఒకసారి తడుముకొని, "అయితే నాకు గూడ వద్దని చెప్పు, నా కమ్మల మీద ఒట్టు" అంది. రైలుకు టైమైతే ఆటో ఎక్కించాను.

ఆ రాత్రి కాదు, మరునాడు పొద్దున్నే వసారాలో కూర్చొని ఉత్తరం రాశాను. ముందు రాసింది మొత్తం తిట్లే. మా ఆవిడకు చదివి వినిపిస్తే, "ఇది చదివితే ఆ పిలగాడు మెట్ల మీదకు గూడ రానియ్యడు" అంది. చింపేసి మళ్లీ రాశాను. ఇద్దరి సంగతీ అందులోనే రాశాను. నేను ఏమీ అడగటం లేదనీ, ఉన్నది ఉన్నట్టు రాసివ్వమంటున్నాననీ, నా దగ్గర ఇప్పటికీ తాళం చెవి లేదనీ రాశాను.

జవాబు రాలేదు. ఆదివారం వచ్చింది. కానుకల పెట్టె వేరేవాళ్లు లెక్కపెట్టారు. నేను బల్ల మీద కూర్చొని పాటలు పాడాను గానీ, చెవులు మాత్రం గేటు బయట బండి చప్పుడు మీదే ఉన్నాయి. వసూలు మనిషి రాలేదు. చెప్పులు వేసుకుంటూ ఒకతను, "ఏమన్నా, కట్టేసినవా?" అని అడిగాడు. మంచికే అడిగాడు. నాకు మాత్రం రక్తం తలకెక్కింది. "కట్టేది ఉంటే కదరా కట్టేది!" అని అరిచాను. పాస్టరుగారు బయటికి వచ్చి నన్ను పక్కకు తీసుకుపోయారు.

"మాఫీ చేస్తామన్నడట గదా అన్నా. ఒప్పుకుంటే ఈ పూట తాళం నీ నడుముకే ఉండేది."

"ఉండేది అయ్యగారు. కానీ పెట్టె తెరిచినప్పుడల్లా నా చెయ్యి నాకే దొంగచెయ్యి లెక్క కనిపిస్తది."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, గేటు దాకా నాతో నడిచారు, జనం చూస్తుండగానే.

మళ్లీ ఉత్తరం రాశాను. ఈసారి పోస్టులో వేయలేదు. షోరూముకే పోయి, తలుపు దగ్గర ఉన్న పిల్ల చేతికి ఇచ్చి, "మీ సారుకు ఇయ్యి. జవాబు ఇచ్చేదాక నేను ఈడనే కూసుంట" అన్నాను. కూర్చున్నాను. పెళ్లిబట్టలకు వచ్చినవాళ్లు నన్ను దాటుకుంటూ పోయారు. కాపలా అతను చాయ్ తెచ్చి ఇచ్చాడు. ఇట్లా కూర్చుంటే పోలీసును పిలుస్తారేమోనని ఒకసారి అనిపించింది. పిలవనీ అనుకున్నాను. నిజంగా పిలిస్తే బాగుండునని కూడా అనుకున్నాను, ఆ సంగతి వాళ్ల ముందర కూడా ఒకసారి చెప్పేవాణ్ణి కదా!

పొద్దు వాలే వేళకు ఆ పిల్లే పైనుంచి దిగివచ్చింది. దుకాణం పేరు అచ్చు వేసిన రెండు కాగితాలు తెచ్చింది, ఒకటి నాకు, ఒకటి స్టేషన్ ఘన్‌పూర్ ఆమెకు. రెండింటి మీదా ముద్ర ఉంది. నాది అక్కడే, మెట్ల మీదే నిలబడి చదువుకున్నాను. చేతిరాత, తెలుగులోనే:

"అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా నాన్నగారి కాలంలో మీరు తీసుకున్న బట్టల పైకం మొత్తం ఆయనకు ముట్టింది. మీరు మా దుకాణానికి ఏ బాకీ లేరు, ఎన్నడూ లేరు. మీ ఖాతాలో మిగిలిన రూపాయి మీరు ఇవ్వవలసినది కాదు, మీరు మళ్లీ రావాలని ఆయన ఉంచినది. దాన్ని బాకీ కింద చూపి వసూలుకు అప్పగించడం మా తప్పు. వాళ్ల దగ్గర నుంచి మీ పేరు తీయించాను. ఈ కాగితం మీరు ఎవరికైనా చూపించుకోవచ్చు. ఒక్క సంగతి మాత్రం మిమ్మల్ని అడగకుండా చేయలేను: ఆ రూపాయి ఖాతాలో అట్లనే ఉంచమంటారా, తీసేయమంటారా?"