పంకజాక్షి ఫోను మార్చింది

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఇళ్ళల్లో పంకజాక్షి గీసే గీతకు ఒక మర్యాద ఉంది. బెల్లమూ తుప్పుపట్టిన ఇనుమూ ఊరబెట్టిన నల్లరంగులో వెదురు కలాన్ని ముంచి గుడ్డ మీదికి వంగిందంటే, చెయ్యి ఎత్తకుండా ఏనుగు వీపంతా ఒక్క గీతలో లాగేసేది. ఆ చేతికున్న మర్యాద ఆ చేతిలోని ఫోనుకు మాత్రం లేదు. కొని తొమ్మిదేళ్ళయింది. ఒక మూల అద్దం పగిలింది. తెర మీద పైనుంచి కిందికి పచ్చగీతలు పడ్డాయి. ఛార్జరు పీకితే పావుగంటకు కన్ను మూసేది. మార్చమని భర్త మునిచంద్ర పోరుతూనే ఉన్నాడు.

"మాట్లాడితే వినపడతా ఉండాది గదా, సాలు" అనేది పంకజాక్షి.

ఆమె ఫోను మార్చింది సౌకర్యం కోసం కాదు, కక్షతో. ఆ కక్ష ఎట్లా పుట్టిందో చెప్పాలంటే ఆమె తల్లి నాగులమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

నాగులమ్మకు బొమ్మ వెయ్యడం రాదు. ఉడకబెట్టిన కలంకారీ గుడ్డల్ని స్వర్ణముఖిలో పారే నీళ్ళల్లో జాడించడం ఆమె పని. నలభై ఏళ్ళు తడిగుడ్డలు మోసీ మోసీ ఎడమ భుజం కిందికి వాలిపోయింది. ఆమె పోయిన మూడో నెలలో పంకజాక్షి ఒక పెద్ద గుడ్డకు రంగు బాగా పట్టేందుకు కరక్కాయ, గేదెపాలు పట్టించి ఆరబెట్టి, ఎవరూ అడగని బొమ్మ ఒకటి మొదలుపెట్టింది. రాముడూ లేడు, కృష్ణుడూ లేడు. ఏరు. ఏట్లో మోకాటి లోతున గుడ్డలు జాడించే ఆడవాళ్ళు. నడుమ, కొంగు నడుముకు బిగించి, ఎడమ భుజం వాల్చి నాగులమ్మ. నాలుగు నెలలు పట్టింది. గుడ్డ మీద వంగినప్పుడు తెలియని వంకరలు ఫొటోలో తెలుస్తాయని, వారానికొకసారి దూరంగా నిలబడి ఆ పాత ఫోనుతోనే ఫొటో తీసుకునేది. అప్పటికింకా దాని తెర మీద గీతలు పడలేదు.

తేరువీధిలో చీరల అంగడి పెట్టుకున్న గిరిప్రసాద్ ఆమెకు ఎప్పటినుంచో పని ఇచ్చేవాడు. ఆ గుడ్డ చూసి, తిరుపతిలో ప్రదర్శన ఉంది, పెట్టి చూస్తానని పట్టుకుపోయాడు. నెల తర్వాత మడత నలగకుండా తెచ్చి ఇచ్చాడు.

"ఎవురూ అడగలేదక్కా. దేవుళ్ళు లేని గుడ్డ ఎవురు కొంటారు?"

పంకజాక్షి దాన్ని పెట్టెలో పెట్టేసింది. అమ్ముడుపోనందుకు లోపల్లోపల సంతోషించింది కూడా.

ఎనిమిది నెలలు గడిచాక ఏర్పేడులో మునిచంద్ర వైపు వాళ్ళ పెళ్ళికి వెళ్ళారు. మధ్యాహ్నం పంక్తిలో పంకజాక్షికి ఎదురుగా ఒకామె కూర్చుంది. లేత పసుపు చీర. కొంగు మీద ఏరు, ఏట్లో ఆడవాళ్ళు, నడుమ ఎడమ భుజం వాలిన మనిషి. పంకజాక్షి కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసింది. ఆమె చూస్తుండగానే ఎదుటామె పాయసం అంటిన వేళ్ళను కొంగుతో తుడుచుకుంది. సరిగ్గా నాగులమ్మ ముఖం మీద.

చేతులు కడుక్కునే చోట ఆమెను పట్టుకుంది. "చీర బాగుండాదమ్మా. యాడ తీసినారు?"

"కాళాస్తిలో, గిరిప్రసాద్ అంగట్లో. వాళ్ళావిడ రేవతమ్మ చేత్తో వేసిందంట. రెండు నెలలు పడతాదంట ఒక్కో చీరకు. మా వదిన కూడా ఇదే తీసింది, నీలంలో."

రెండు నెలలు పట్టే చేతిపని రంగురంగుల్లో ఎట్లా దొరుకుతుంది? అచ్చు కొట్టిస్తే దొరుకుతుంది. నెలరోజులు తన గుడ్డ ఏ ప్రదర్శనకు పోయిందో పంకజాక్షికి అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే గుడ్డా ఫోనూ సంచిలో పెట్టుకుని అంగడికి పోయింది. లోపల నలుగురు పనివాళ్ళు, చెన్నై నుంచి వచ్చిన ఒక కుటుంబం. పంకజాక్షి గుడ్డను బల్ల మీద పరిచింది.

"ఇది నాది గిరన్నా. మాయమ్మ బొమ్మ. నీ చీరల మీదికి ఎట్లా వచ్చినాది?"

గిరిప్రసాద్ గొంతు పెంచలేదు. "గుడ్డ ఎవురైనా వేస్తారక్కా. మా రేవతి బొమ్మ చూసి నువ్వే వేసుకొన్నావేమో. ముందు వేసింది నువ్వేనని ఏంది రుజువు?"

"దీంట్లో ఉండాది" అంటూ ఆమె ఫోను తీసింది. ఫొటో తెరుచుకోవడానికి నిమిషం పట్టింది. పచ్చగీతల వెనక బురదనీళ్ళలాంటి మరక ఒకటి కనపడింది. అది ఏరో, గుడ్డో, గోడో చెప్పడం ఎవరివల్లా కాదు. ఇంకొకటి తెరవబోతే ఫోను నల్లబడి చచ్చింది.

గిరిప్రసాద్ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చెన్నై వాళ్ళకు చూపించాడు. "దీంట్లో ఉండాదంట సార్ సాక్ష్యం!" వాళ్ళు నవ్వారు. పనివాళ్ళు నవ్వారు. "ముందు మంచి ఫోను కొనుక్కో అక్కా. న్యాయం తర్వాత మాట్లాడుకొందాం."

ఆమె గుడ్డ మడిచి, ఫోను తీసుకుని మెట్లు దిగింది. ఆ నవ్వు మాత్రం ఇంటిదాకా వెంటవచ్చింది. అన్నం తినేటప్పుడు వచ్చింది, గీత లాగేటప్పుడు వచ్చింది. అయినా ఆ తర్వాత వారం గిరిప్రసాద్ పంపిన గుడ్డలు ఎప్పటిలాగే తీసుకుంది, చెప్పిన రోజుకే ఇచ్చింది. అక్క దారికొచ్చిందని అతను అనుకున్నాడు. అనుకోవాలనే ఆమె కోరిక కూడా.

ఇంటి పక్కన రూతు ఉంటుంది. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. సెలవు రోజు చూసి పంకజాక్షి ఆమెను తిరుపతికి లాక్కుపోయింది. చీటీ పాడిన డబ్బు కొంగున ఉంది. ఫోన్ల అంగట్లో కుర్చీ వేసి, సేల్స్ మనిషి ఆటలెంత వేగంగా ఆడుకోవచ్చో, సెల్ఫీలో ముఖం ఎంత తెల్లగా వస్తుందో చెప్పబోయాడు.

"ముఖం నాకొద్దు నాయనా" అని పంకజాక్షి జాకెట్టులోంచి అరచేతంత గుడ్డముక్క తీసి అద్దాల బల్ల మీద పెట్టింది. "ఈ గీత తియ్యి. పెద్దది చేసి సూపీ."

మొదటి ఫోనులో గీత తాడులా మందంగా కనపడింది. రెండోదాంట్లో పక్కలు చెదిరిపోయాయి. నాలుగో ఫోనులో, నల్లరంగు ఒక్కొక్క దారాన్నీ పట్టుకుని పాకడం, కలం ఆగిన చోట రంగు గుండ్రంగా ఊరడం, అన్నీ కనపడ్డాయి.

"ఇదీ" అంది.

"పాతది మార్పిడికి ఇస్తే కొంచెం తగ్గిస్తాం మేడమ్."

"అది ఇయ్యను."

"దాన్నేం జేసుకొంటావక్కా, పొయ్యిలో పెట్టుకొంటావా?" అంది రూతు బయటికి వచ్చాక. అప్పుడు జరిగిందంతా చెప్పింది పంకజాక్షి. బస్సెక్కి కూర్చున్నాక రూతు, "వాణ్ణి వదలబాకక్కా" అంది.

ఇంటికొచ్చి పాత ఫోనుకు ఛార్జరు గుచ్చి, దాంట్లోవి కొత్తదాంట్లోకి పంపడం మొదలుపెట్టింది రూతు. పాతది రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి నత్తలా కదిలింది. సాయంత్రం టీ తాగే వేళకు పని ముగిసింది. పంకజాక్షికి పెద్ద ఆశ లేదు, బురద బురదగానే వస్తుందనుకుంది. రూతు ఫొటో తెరిచి చూపించింది.

ఏరు. నీళ్ళ మెలికలు. అప్పుడే వేసిన నల్లగీత, తడి మెరుస్తూ. ఎడమ భుజం సగం గీసి వదిలేసిన నాగులమ్మ.

"అక్కా, చెడింది ఫొటోలు కాదు, దాని తెర!" అని రూతు అరిచింది. పదిహేడు ఫొటోలు. ఖాళీ గుడ్డ నుంచి చివరి నీలం దాకా. ఒక్కోదానికీ కింద తారీఖు. గిరిప్రసాద్ గుడ్డ పట్టుకుపోవడానికి ముందు తారీఖులు. పంకజాక్షి ఏడవలేదు. ఎవరెంత పోరినా తొమ్మిదేళ్ళు వాడిన పాత ఫోనును ఒకసారి కొంగుతో తుడిచి, పంచదార డబ్బా పక్కన పెట్టింది.

రెండురోజులకు రూతు చీర కొనే మనిషిలా గిరిప్రసాద్ అంగడికి పోయింది. కొత్త ఫోను చేతిలో పట్టుకుని, "మా వదినకు సూపియ్యాల, వీడియో తీసుకొంటానన్నా" అంది. అతను సంబరంగా చీర విప్పాడు.

"చేత్తో వేసిందేనా అన్నా?"

"ప్రతి గీతా మా రేవతి వేసిందేనమ్మా. అచ్చు అనే మాటే మా అంగట్లో లేదు."

రూతు కొని తెచ్చిన ఆ చీరను పంకజాక్షి తన ఇంటి వసారాలో, మధ్యాహ్నపు ఎండలో పరిచింది. పక్కనే తన గుడ్డ. వీడియోలో ముఖం చూపించలేదు, చేతులు మాత్రం చూపించింది. ముందు తన గుడ్డ తిప్పింది. వెనక పక్కకు కూడా నలుపు దిగి ఉంది. చీర తిప్పింది. వెనక వెలవెలబోయిన తెలుపు. చీర మీద నాగులమ్మ కంటి దగ్గరికి కెమెరా తెచ్చింది. గీత లేదు, చుక్కలు. ఆవాలు చల్లినట్టు సన్నటి అచ్చు చుక్కలు. తర్వాత పదిహేడు ఫొటోలు తారీఖులతో. చివర గిరిప్రసాద్ నవ్వు ముఖం, 'అచ్చు అనే మాటే మా అంగట్లో లేదు.'

ముందు కలంకారీ వాళ్ళ వాట్సప్ గ్రూపులో పెట్టింది. వాళ్ళు చుట్టాలకు పంపారు. మూడోరోజుకు తిరుపతి నుంచీ చెన్నై నుంచీ ఫోన్లు. తేరువీధిలో అంగట్లోకి వచ్చిన ప్రతి ఆడమనిషీ ముందు చీర వెనక్కి తిప్పి చూస్తోందని మునిచంద్ర టీ బంకు దగ్గర విని వచ్చి చెప్పాడు.

"ఇంకోసారి చెప్పు" అంది పంకజాక్షి. అతను మళ్ళీ చెప్పాడు. పండగ చీర కట్టినంత హాయిగా వింది.

పదోరోజు గిరిప్రసాద్ ఇంటికొచ్చాడు. వెనక రేవతి. పంకజాక్షి గీత మధ్యలో ఉంది. కూర్చోమనలేదు. ఏనుగు తొండం, దంతం, పాదం, గోళ్ళు, అన్నీ ముగించాక కలం పక్కన పెట్టింది.

"తీసెయ్యి అక్కా, నీకు దణ్ణం పెడతా. ఏం కావాలో అడుగు."

"నాకేమొద్దు. కెమెరా ముందర నిలబడు. ఈ బొమ్మ పంకజాక్షిది, నేను దొంగిలించి అచ్చేసినా, నా పెండ్లాము ఒక్క గీత గూడా వెయ్యలేదు అని చెప్పు."

అతను వసారాలో నిలబడి చెప్పాడు.

"వెలుతురు సాలలేదు. ఇట్లా తిరిగి చెప్పు."

మళ్ళీ చెప్పాడు.

"'దొంగిలించి' అనే మాట మింగేసినావు. ఈ ఫోన్లో అన్నీ వినపడతాయి గిరన్నా. ఇంకొకసారి."

మూడోసారి చెప్పేటప్పుడు అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పంకజాక్షి చెయ్యి కదలలేదు. ఏనుగు వీపు లాగినంత నిదానంగా ఫోను పట్టుకుంది. పక్కింటి గుమ్మంలో రూతు చూస్తోంది. రేవతి తల వంచుకుని వాకిలి మెట్టు కేసే చూస్తోంది.

దాని తర్వాత గిరిప్రసాద్ అంగట్లో సగం బీరువాలు ఖాళీ అయ్యాయి. పంకజాక్షికి చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ నేరుగా బేరాలు రావడం మొదలైంది. కానీ అతని దగ్గర రంగు నింపే పని చేసే ఆరుగురు ఆడవాళ్ళకు పని పోయింది. వాళ్ళలో ఆదిలక్ష్మమ్మ పంకజాక్షి తల్లితో కలిసి ఏట్లో గుడ్డలు జాడించిన మనిషి. ఒకరోజు కూరగాయల బండి దగ్గర ఎదురుపడి, "నీ కచ్చ నీకు తీరినాది, మా పొయ్యి ఆరినాది" అని మొహం తిప్పుకుంది. పంకజాక్షి తన బేరాల్లో రంగుపని ఆమెకే ఇస్తానని కబురు పంపింది. ఆదిలక్ష్మమ్మ రాలేదు. మిగతావాళ్ళలో ముగ్గురు వచ్చారు.

"వాడు చెప్పిన ఆ మూడు వీడియోలూ ఇంగ తీసెయ్యక్కా" అంది రూతు ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ. పంకజాక్షి బయట పెట్టింది ఒక్కటే, మిగతా రెండూ తన దగ్గరే ఉన్నాయి. అవి ఆమె ఎవరికీ చూపించదు. రంగు ఆరేదాకా వేచి ఉండేటప్పుడు తనే చూసుకుంటుంది.

"తియ్యను" అంది.

రెండు నెలల తర్వాత రేవతి ఒక్కతే వచ్చింది. వాకిట్లోనే నిలబడింది.

"నా పేరు వాడినట్టు నాకు తెలవదు అక్కా. తెలిసినాక గూడా నోరు మూసుకొన్నా, అది నా తప్పే. ఇప్పుడు వీధిలో అందురూ 'ఏమ్మా, ఒక గీత వేసి సూపించు' అని ఎగతాళి చేస్తా ఉండారు. నాకు గీత నేర్పిస్తావా?"

పంకజాక్షి ఆమె చేతుల కేసి చూసింది. మెత్తటి చేతులు, రంగు మరక ఒక్కటి లేదు. ఆ మనిషి మీద తనకు పగ లేదని తెలుస్తూనే ఉంది. అయినా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"మీ ఆయన్ని నేర్పమను. ఆయనకు బొమ్మలు బాగా తెలుసు గదా."

రేవతి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. పంకజాక్షి కలం తీసుకుని వంగింది. ఆ పొద్దు నెమలి మెడ దగ్గర గీత రెండుచోట్ల వణికింది. జానెడు గుడ్డ పాడైంది. కత్తిరించి పక్కన పడేసి, కొత్త అంచు సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టింది. రేవతిని మాత్రం పిలవలేదు.