యాడికని అడిగిన పిల్ల

అరవైల మొదట్లో నాకు ముత్తుకూరు అవతల ఒక సముద్రపొడ్డు పల్లెలో టీచరుద్యోగం వచ్చింది. నేను కావలి పిల్లను. చదువుకున్నదాన్నని కాస్త పొగరు కూడా ఉండేది. పిల్లి ఎదురొస్తే ఆగిపోయేవాళ్ళను చూసి పకపకా నవ్వేదాన్ని. నా అద్దె గదికీ పక్కింటికీ మధ్య తాటాకు తడికే అడ్డం. అక్కడ చేపలు పట్టే అతనూ, భార్యా, నాలుగేళ్ళ కూతురూ ఉండేవాళ్ళు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, తడికయితే చెవులతో పనే లేదు, మాటలే నడిచొస్తాయి.

ఒక ఉదయం నేను పెరట్లో పళ్ళు తోముకుంటుంటే, తడిక సందుల్లోంచి అతను వల భుజాన వేసుకుని గడప దాటడం కనిపించింది.

"యాడికి పోతుండావు నాయనా?" అంది పిల్ల.

అతను ఠక్కున ఆగిపోయాడు. వేటకు పోయేవాణ్ణి ఎక్కడికని అడగడం ఆ పల్లెలో మహా అపశకునం. అడిగారంటే వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాల్సిందే. లేకపోతే తెప్ప ఎక్కరు.

"అట్టా అడగకూడదని ఎన్నిసార్లు చెప్పినాను మే నీకు?" అంటూ వల దించి కూర్చున్నాడు.

"నీళ్ళు తెస్తా ఉండు నాయనా. అందాక ఈ బుర్రకి బొక్క పెట్టు."

అదీ సంగతి! తాటిబుర్రల బండి చేసిపెడతానని అతను పది రోజులుగా కూతురికి చెబుతూనే ఉన్నాడు. ముంజెలు తినేసిన బుర్రలు రెండు, మధ్యలో ఇరుసుకి ఒక పుల్ల, తోయడానికి పంగల కర్ర. అంతే బండి. కానీ తెల్లారితే వేట, వచ్చాక వల బాగుచేసుకోవడం, ఆ పైన నిద్ర. బుర్రలు మూలనే పడి ఉన్నాయి.

అతను బొక్క పెట్టాడు, నీళ్ళు తాగాడు, లేచాడు. నాలుగడుగులు వేశాడో లేదో మళ్ళీ వినబడింది.

"నాయనా, యాడికీ?"

"ఓసి నీ దుంపతెగ! మళ్ళానా?"

"మర్చిపోయినా నాయనా. కూచో. ఇంగో బుర్ర ఉండాది గదా."

లోపల తల్లి ఒకటే నవ్వు. "నన్ను చూడబాక. నీ బిడ్డ, నువ్వు" అంది. ఒడ్డు నుంచి తోటివాళ్ళు కేకలు పెడుతున్నారు.

మూడోసారి అతనే గడపలో ఆగి, వెనక్కి తిరిగి దణ్ణం పెట్టాడు. "తల్లా, ఇంక అడగబాక. తెప్ప పోతాది."

"అడగన్లే. పుల్ల దూర్చినావా?"

"లేదు."

"అయితే అడగతా."

నోట్లో పళ్ళపొడితో సహా నాకు నవ్వు తన్నుకొచ్చింది. పంతులమ్మ వింటున్నదని అతను సిగ్గుపడి, పుల్ల దూర్చి, పంగల కర్ర తగిలించి ఇచ్చాడు. పిల్ల బండి తోసుకుంటూ అతని ముందే ఒడ్డుకు పరిగెత్తింది. "మా నాయన వేటకి పోతుండాడు!" అని అడగనివాళ్ళకు కూడా చెప్పుకుంటూ పోయింది.

రెండేళ్ళకు నాకు కావలికి బదిలీ అయింది. అమ్మ దగ్గరికి పోతున్నానని నా సంబరం ఇంతా అంతా కాదు. అప్పటికి ఆ పిల్ల నా బడిలోనే ఒకటో తరగతి. ముత్తుకూరు దాకా నడిచి బస్సు అందుకోవాలి కాబట్టి పొద్దున్నే బయల్దేరాను. వాళ్ళ నాన్న నా ట్రంకు పెట్టె నెత్తికెత్తుకున్నాడు. పిల్ల జాడ మాత్రం లేదు. ఒక్కసారి కనబడి పోకూడదా అని మనసు చివుక్కుమంది.

గడప దాటాను.

"యాడికి పోతుండావు పంతులమ్మా?"

తడిక పక్కన నిలబడి ఉంది.

"తప్పు మే!" అని వాళ్ళ నాన్న గదమాయించాడు.

శకునాలంటే నవ్విన నేను, చెప్పులు విడిచి వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. మంచినీళ్ళు తెచ్చిపెట్టమ్మా అనబోయాను. ఆ అవసరం లేకపోయింది. నిండు చెంబు రెండు చేతులా పట్టుకునే వచ్చింది అది.