నత్తలు ఒప్పుకున్న నీళ్లు

ఇస్నాపూర్ పక్క కుంటలో నత్తలేరి అమ్ముకుని బతికిన మనిషి బాలవ్వ. పంతొమ్మిదివందల డెబ్బై ఒకటిలో ఎగువ ఫ్యాక్టరీ మురికినీళ్లు కలవడంతో ఆ నత్తలన్నీ చచ్చి ఒట్టి గుల్లలు మిగిలాయి. ఆమె ఊరి ఆడవాళ్లను వెంటేసుకుని, రెండు ఎండాకాలాలు తట్టలతో మన్ను మోసి, ఆ మురికి కుంటలోకి రాకుండా కట్ట పోయించింది. ఫ్యాక్టరీవాళ్లకు ఆ మురికి కోసం తమ జాగాలోనే గుంత తవ్వుకోక తప్పలేదు.

రెండు వానాకాలాలు గడిచాక నీళ్లు బాగుపడ్డాయో లేదో చూడాలనుకుంది. అమ్మేముందు నత్తల్ని పూటంతా నీళ్లలో ఉంచి మన్ను కక్కించడం నత్తలమ్మేవాళ్ల అలవాటు. నీళ్లు పడకపోతే నత్త మూత తెరవదు. మంజీర ఒడ్డునున్న చెల్లెలి ఊరినుంచి పది నత్తలు తెచ్చి, కుంట నీళ్లు నింపిన కుండలో వేసింది.

మధ్యాహ్నం దాటినా ఒక్కటీ తెరవలేదు.

"గింత మన్ను మోసింది గిందుకేనా? ఇగ కట్ట పనికి మేం రాం," అన్నారు చూడవచ్చిన ఆడవాళ్లు.

బాలవ్వ కుండ మీదికి వంగి చూసింది. అంతలో కుండ అంచున తెల్లటి పొర కనబడింది.

"సత్తెమ్మా, ఇది ఏం కుండనే?" అని కోడల్ని అడిగింది.

"ఉప్పు కుండ అత్తమ్మా. మంచిగ కడిగే తెచ్చిన!"

"కడిగితే కుండకు పట్టిన ఉప్పు పోతదా? నత్తలకు ఊరగాయ పెట్టినవ్ గదనే!"

అందరూ నవ్వారు. నత్తల్ని సత్తు గిన్నెలోకి మార్చి, మళ్లీ కుంట నీళ్లు పోశారు. పొద్దు వాలేలోగా ఒకటి మూత తెరిచి, మెడ చాచి, గిన్నె అంచుకు పాకింది. దాని వెనకే మరో రెండు.

"ఇయ్యాల నత్తల కూరేనా?" అంది సత్తెమ్మ.

"కూర లేదు గీర లేదు. నత్తకు పడ్డ నీళ్లు మన పిల్లలకు పడతయో లేదో, జెర ఆగుదాం. ఈ యేడు గుడ్లు పెట్టనీ," అంటూ బాలవ్వ గిన్నెను కుంటలోకి వంచింది. ఆడవాళ్ల వైపు తిరిగి, "పొద్దుగాల తట్టలు తెండ్రి. వానలకు కట్ట కుంగింది, ఇంకింత మన్ను పడాలె," అంది.