టోవా పాయో బ్లాకులో మనవాళ్ల లెక్క

టోవా పాయోలో ఒక పన్నెండంతస్తుల బ్లాకు ఉంది. ఆ రోజుల్లో ఏ అంతస్తులో ఎవరింటి ముందు ఎలాంటి చెప్పులుండేవో, ఏ గుమ్మానికి మామిడాకులు కట్టేవారో, ఏ కిటికీలోంచి ఇంగువ వాసన వచ్చేదో ఇప్పుడడిగినా చెప్పగలను. ఆ బ్లాకులో మేం ఒక్కరోజు కూడా కాపురం చెయ్యలేదు.

మలేషియా పక్కనున్న ఈ చిన్న ద్వీపదేశంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు మనవాళ్లు విమానాల కొద్దీ దిగుతున్న కాలం అది. మా ఆయనకు బ్యాంకులో ఉద్యోగం, నాకు వన్-నార్త్ అనే పేటలో ఒక కంపెనీలో టెస్టింగ్ పని. నాలుగేళ్లలో ఐదు అద్దె ఇళ్లు మారాం. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు మొదట అడిగేది ఇండియన్సా అని. అవునంటే రెండో ప్రశ్న, వంట చేస్తారా అని. చెయ్యకపోతే గాలి పీల్చి బతుకుతామా అని నోటిదాకా వచ్చేది. ఈలోపు మా ఆయన నవ్వుతూ "లైట్ కుకింగ్" అనేసేవాడు. లైట్ కుకింగంటే నీళ్లు కాచుకోవడం, గుడ్లు ఉడకబెట్టుకోవడం. పోపు పెట్టాలంటే కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను తిప్పి, తలుపు కింద తడి తువ్వాలు కుక్కి దొంగతనం చేస్తున్నట్టు చెయ్యాలి. ఐదో ఇంటాయన నెలకోసారి వచ్చి గోడలు వాసన చూసేవాడు. ఉత్తిమాట కాదు, ముక్కు ఆనించి మరీ చూసేవాడు.

నాకు మూడో నెల అని తెలిసిన వారంలోనే, లీజు ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది, ఇక పొడిగించను అని ఆ ఇంటాయన కబురు పెట్టాడు. ఒళ్లు మండిపోయింది. "ఈ బిడ్డని నా సొంత వంటింట్లోకే తీసుకొస్తాను, ఇంకెవరి గోడల మధ్యకీ తీసుకురాను" అని మా ఆయనకు తెగేసి చెప్పాను. అప్పటికి మాకు పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చేసింది కనుక ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలో ఎవరైనా అమ్ముతుంటే కొనుక్కోవచ్చు.

ఆ బ్లాకులో మేం చూసింది ఆరో అంతస్తులో ఒక చైనా ఆంటీ ఫ్లాటు. వంటింటికి పెద్ద కిటికీ. పొయ్యి వెనక గోడ నిండా నూనె మరకలు. వాటిని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆంటీ నా పొట్ట వైపు, పొయ్యి వైపు చూసి "కుక్, కుక్, నో ప్రాబ్లమ్ లా" అంది, ఇక్కడివాళ్లు ప్రతి మాట చివరా తగిలించే "లా"తో. ఆ మాటకే నేను ఆ ఇల్లు నాదనుకున్నాను. నా ఆఫీసుకు మరీ దూరం కాదు, రైలుకు నడిచేంత దూరం. ఉయ్యాల ఎక్కడ వెయ్యాలో కూడా చూసుకుని వచ్చాను.

మూడు రోజుల తర్వాత ఏజెంటు అమ్మాయి ఫోన్ చేసింది. "సారీ లా, ఈ బ్లాకులో ఇండియన్ కోటా ఫుల్." ఏ బ్లాకులోనూ ఒకే జాతివాళ్లు పేరుకుపోకూడదని ఇక్కడ ప్రభుత్వం ప్రతి జాతికీ ఇన్ని ఇళ్లని ఒక హద్దు పెట్టింది. ఇండియన్ల వంతు అక్కడ నిండిపోయింది. అందుకని చైనా ఆంటీ తన ఇల్లు మాకు అమ్మడానికి వీల్లేదు. మా ఆయన బుర్రకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. "మనం తెలుగు అని రాస్తే? అదర్స్‌లో పడతాం కదా?" ఏజెంటు నవ్వింది. ఇండియన్లూ అదర్సూ కలిపి ఒకటే లెక్కట. పంజాబీ, మలయాళీ, తమిళం, తెనాలి, అందరం ఒకే డబ్బాలో ఉన్నాం.

ఆ రోజంతా చిందులు తొక్కాను. జాతి చూసి ఇల్లివ్వడమేమిటి, ఇదేం దేశం అన్నాను. అంతలో నాకే తెనాలిలో మా ఇల్లు గుర్తొచ్చింది. మేడ మీద వాటా అద్దెకు అడగడానికి ఎవరైనా వస్తే మా నాన్న వాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిప్పించి, "మీరెవరండీ?" అనేవాడు. అడుగుతున్నది ఉద్యోగం గురించి కాదని ఆయనకూ తెలుసు, వచ్చినవాళ్లకూ తెలుసు. జవాబు నచ్చకపోతే వాటా ఖాళీ లేదని చెప్పేవాడు. ఆ మంచినీళ్ల గ్లాసులు తెచ్చి ఇచ్చేది నేనే. అప్పుడు నాకేమీ తప్పనిపించలేదు.

ఏజెంటు ఒక దారి చెప్పింది. ఇండియన్ అమ్మితే ఇండియన్ కొనొచ్చు, లెక్క మారదు కాబట్టి. లేకపోతే సెంబవాంగ్‌లో కోటా ఖాళీ ఉంది, అక్కడ ఒక ఫ్లాటు చూపిస్తానంది. సెంబవాంగ్ ద్వీపానికి ఆ చివర. రైల్లో పది నిమిషాలు నిలబడితే కళ్లు తిరుగుతున్న రోజులు నాకవి. ఆ బ్లాకులోనే ఇల్లు అమ్ముకునే మనవాళ్లను నేను పట్టుకుంటానని పంతం పట్టాను.

అక్కడి నుంచి నాకు కాలు నిలవలేదు. ఆఫీసు అవగానే టోవా పాయోలో దిగడం, లిఫ్టులో పైకి వెళ్లి ఒక్కో అంతస్తూ నడుచుకుంటూ కిందికి రావడం. చెప్పులు చూసేదాన్ని, తులసి కుండీలు చూసేదాన్ని, ఆరేసిన బట్టలు చూసేదాన్ని. మూడో అంతస్తులో మామిడాకులు చూసి బెల్లు కొడితే చైనా ముసలాయన లుంగీతో బయటికొచ్చాడు. ఆయన భార్య తమిళావిడ. వాళ్లను ఏ లెక్కలో వెయ్యాలో తెలియక దండం పెట్టి వచ్చేశాను. ఎనిమిదిలో అచ్చం మా పిన్నిలా ఉన్నావిడ మలాయ్ అని తేలింది. ఇంటికొచ్చి ఆ రోజు జాబితా మా ఆయనకు అప్పజెప్పేదాన్ని. "నువ్వు జనాభా లెక్కల్లో చేరిపో" అనేవాడు.

ఒక శనివారం ఆరో అంతస్తు వరండాలో నిలబడి అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే, చైనా ఆంటీకి నాలుగిళ్ల అవతల ఒక తలుపు తెరుచుకుంది.

"ఎవులమ్మా నువ్వు? తెలుగు బిడ్డవా? రా, లోపలికి రా. మకాన్ అయ్యిందా?"

డెబ్బై ఏళ్ల ఆంటీ. మకాన్ అంటే మలాయ్ మాటలో భోజనం. ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి మలేషియా రబ్బరు తోటలకు వచ్చాడట. భర్త సెంబవాంగ్ ఓడల యార్డులో చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు మంచాన ఉన్నాడు. తెలిసినవాళ్లిల్లు వెతుకుతున్నానని అబద్ధమాడాను. ఆమె నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. ఎన్నాళ్లకు బయటివాళ్ల నోట తెలుగు మాట విన్నానమ్మా అని నా చెయ్యి వదల్లేదు. నేను లేవబోతుంటే లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించి చెప్పింది.

"డాక్టరు ఏటీ సెప్పలేనన్నాడు. ఈయన పోతే నానొక్కర్తినీ సుమ్మా, ఊరికే, ఇక్కడ ఎందుకు? మలేషియా జొహోర్‌లో కూతురుంది, ఎల్లిపోతాను. ఈ ఇల్లు మన తెలుగోళ్లకే ఇచ్చి పోవాలని ఆశ."

ఆ మాట విన్నప్పుడు నాలో కదిలింది జాలి కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

తర్వాత ప్రతి శనివారం వెళ్లాను. గోంగూర తీసుకెళ్లేదాన్ని, పప్పు వండేదాన్ని. ఆమె వంటింట్లో ఫ్యాను తిప్పకుండా, తువ్వాళ్లు కుక్కకుండా ఎండుమిరపకాయలు చిటపటలాడేలా పోపు పెట్టేదాన్ని. చేతులు పని చేస్తుంటే కళ్లు అలమరలు ఎక్కడ పెట్టించాలో చూసుకునేవి. వెళ్లగానే "అంకులెలా ఉన్నారాంటీ?" అని అడిగేదాన్ని. తెరిచిన గది తలుపులోంచి దుప్పటి కింద రెండు పాదాలు కనిపించేవి, దగ్గు వినిపించేది. ఆయన దగ్గు ఎక్కువైన వారం నేను రైలు దాకా తేలిగ్గా నడిచాను. ఇంట్లో మా ఆయనా అదే అడిగేవాడు, ఎలా ఉన్నాడాయన అని. ఒకరోజు ఆ ప్రశ్నకు విరుచుకుపడ్డాను. నన్నెందుకు అంటావు, నువ్వు వెళ్తున్నావు కాబట్టే అడిగాను అన్నాడు.

లీజుకు నెలన్నరే మిగిలింది. సెంబవాంగ్ ఇల్లు చూసి వచ్చాం, బాగానే ఉంది. సోమవారానికల్లా మాట చెప్పకపోతే వేరేవాళ్లకిచ్చేస్తారని ఏజెంటు అంది. చివరికి మా అమ్మాయి పాకడం నేర్చుకుంది ఆ ఇంట్లోనే. కానీ ఆ శనివారానికి నేనింకా ఒప్పుకోలేదు. ఒక్కవారం ఆగుదామన్నాను. దేని కోసం అని మా ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ శనివారం నేను వెళ్లేసరికి అంకుల్ బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. "నిన్నటి నుంచీ లేసి కూకుంటన్నాడమ్మా, నీ పప్పే కావాలన్నాడు" అని ఆంటీ మెరిసిపోతూ చెప్పింది. సంతోషం తెచ్చిపెట్టుకుని నవ్వాను. ఆంటీ అప్పడాలు వేయించడానికి లోపలికెళ్లింది. నేను ఆయనకు అన్నం వడ్డిస్తున్నాను.

"సైనా ఆంటీ సెప్పింది" అన్నాడు ఆయన మెల్లగా. "మీకు కోటా దొరకలేదట కదా."

గరిటె చేతిలోనే ఆగిపోయింది. ఆయన ముఖంలో కోపం లేదు. వంటింటి వైపు ఒకసారి చూసి, భార్యకు వినపడకుండా ఇంకా గొంతు తగ్గించాడు.

"నీకు నెలలు పెరుగుతన్నాయి. నానేమో ఇలాగ లేసి కూకున్నాను. లేటయిపోతంది, ఏటీ అనుకోకమ్మా."

కంచం నా వైపు జరిపి ఇంకొంచెం వెయ్యమన్నాడు. వేశాను.