చివరి గదిలో ఓబులమ్మ

నవ్వితే నవ్వండి... నా బిడ్డ మీద ఒట్టు, ఇది నా కళ్లతో చూశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. పెనుకొండ బయట ఒక వృద్ధాశ్రమంలో నేను రాత్రి ఆయాని. హిందూపురం నుంచి సాయంత్రం బస్సుకు వచ్చేదాన్ని.

అక్కడ ఓబులమ్మ, నారాయణమ్మ అని ఇద్దరు ముసలివాళ్లు. ధర్మవరం మగ్గాల ఇళ్లవాళ్లు. మగ్గం మీది పోగులు నేసి అయిపోవస్తే కొత్త పోగుల్ని పాత పోగులకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేళ్లకు బూడిద రాసుకుని చేసే పని. ఓబులమ్మకు మతిమరుపు జబ్బు. కానీ నారాయణమ్మ ఎదురుగా కూర్చుంటే చాలు... ఇద్దరూ లేని పోగుల్ని అతుకుతూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఓబులమ్మకు పిల్లల పేర్లన్నీ గుర్తొచ్చేవి. కడుపునిండా తినేది.

వార్డెనమ్మకు అది గోల. "నోరు మూసుకోని పడుండలేరా?" అని ఓబులమ్మను చివరి గదిలో పెట్టి తాళం వేసింది. కాళ్లావేళ్లా పడ్డాను. వింటేనా! నెల తిరిగేసరికి ఓబులమ్మ అన్నం తినడం మరిచింది. "నేనెవురు పాపా?" అని నన్నే అడిగింది. ఆ గదిలోనే పోయింది... ఒక్కతే.

నారాయణమ్మ ఏడవలేదు. "దాన్ని ఒంటిదాన్ని చేసి సంపినారు. ఆ వార్డెనమ్మను ఇడిసేదే లేదు" అంది. నేనూ ఆ వార్డెను నాశనమైపోవాలని తిట్టుకున్నాను. ఇప్పటికీ తిడతాను.

ఆ వారమే ఒక రాత్రి కరెంటు పోయింది. చివరి గదిలో చప్పుడు... సర్... సర్... వేళ్ల మధ్య ఏదో నలుగుతున్నట్టు. తాళం వేసే ఉంది. చెవి ఆనించాను. ఆగిపోయింది. అంతలో వార్డెను గదిలోంచి కేక!

టార్చి పట్టుకుని పరిగెత్తాను. ఆమె తల లేపలేకపోతోంది. జుట్టు... ఒక్కో వెంట్రుకా... దుప్పటి అంచు పోగులకు మెలిపెట్టి అతికి ఉంది. దిండంతా బూడిద. వెంటనే నారాయణమ్మ మంచం దగ్గరికి పోయాను. లేచి నడవలేని మనిషి, గురకపెట్టి నిద్రపోతోంది. వేళ్లు చూశాను. శుభ్రంగా ఉన్నాయి.

వార్డెను జుట్టు నేనే కత్తిరించాను. అబద్ధమెందుకు... మనసుకు హాయిగా ఉండింది.

మర్నాడు రాత్రి ఆమె గదిలోంచి నన్ను బతిమాలింది. "సుగుణా, ఆడ ఉండావా? భయమైతాండాది. ఏమన్నా మాట్లాడు తల్లీ..."

గుమ్మం బయటే కూర్చుని ఉన్నాను. కావాలనే నోరు మెదపలేదు. ఓబులమ్మ కూడా ఆ చివరి గదిలోంచి ఇట్లాగే పిలిచింది కదా... పిలవనీ.

కాసేపటికి లోపల ఆమె గొంతు తేలికపడింది.

"హమ్మయ్య, పలికినావా... ఇట్లా దగ్గరికి వచ్చి కూర్చో" అంది.

తెల్లవార్లూ మాట్లాడుతూనే ఉంది. ఎవరితోనో నాకు ఇప్పటికీ తెలియదు... నేను మాత్రం పలకలేదు.