ఆయమ్మ చేతుల్లోని నెమ్మది

మా ఆయమ్మ పోయిందని మంగళవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. మూడో బోనులోని చారల పిల్లిని ఇక ఎవరు పట్టుకుంటారు?

నాచారం ఫ్యాక్టరీల వెనక రేకుల షెడ్డులో మాదొక చిన్న పిల్లుల షెల్టర్. ఆయమ్మ రైల్వే దవాఖానాలో, పసివాళ్ళ వార్డులో ఆయాగా చేసి రిటైరైంది. ఆ తరవాత లాలాపేట నుంచి రోజూ బస్సులో మా షెల్టర్‌కు వచ్చేది. బోను ముందు పక్కకు తిరిగి కూర్చునేది, పిల్లి కళ్ళలోకి చూసేది కాదు. ప్రతి బోనులో ఒక అట్టపెట్టె పెట్టించింది. "దాక్కునే జాగ లేకుంటే ఎవలకైనా పానం తల్లడిల్లుతది" అనేది. మేం తొందరపడితే మామీద ఇంతెత్తున లేచేది కానీ, పిల్లుల దగ్గర ఒక్కనాడూ గొంతు పెంచలేదు.

నేను చేరిన వారంలోనే ఆ చారల పిల్లిని మెడ పట్టుకుని ఎత్తాను. వీడియోలో అలాగే చూశాను మరి! అది నా బొటనవేలు కొరికేసింది. సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే ఆయమ్మ వెనక నుంచి వచ్చి నా మెడ మీద చటుక్కున చెయ్యి వేసింది. కెవ్వుమన్నాను.

"భయమైందా బిడ్డా? నేను నీకు తెలిసినదాన్నే గదా. దానికి నువ్వెవరో గూడ తెల్వదు."

ఆ తరవాత నన్ను చూస్తే చాలు, ఆ పిల్లి మూలన నక్కేది. ఆయమ్మ పెడితేనే తినేది.

ఆమె పోయిన మూడో రోజుకు కూడా అది ముద్ద ముట్టలేదు. తిండి మానేసిన పిల్లికి కాలేయం దెబ్బతింటుందని, వెంటనే తెమ్మని ఉప్పల్‌లోని పశువుల డాక్టర్ గారు ఫోన్లో చెప్పారు. షెడ్డులో నేనొక్కదాన్నే ఉన్నాను. బోను ముందు పక్కకు తిరిగి కూర్చున్నాను. చాలాసేపటికి మెల్లగా దాని మీద తువ్వాలు కప్పి, అలాగే చుట్టి, మెత్తటి జిప్పు బ్యాగులో పెట్టాను. బుస్సుమంది గానీ కరవలేదు.

ఆటోలో బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాను. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ట్రాఫిక్, ఒకటే హారన్లు. లోపల చప్పుడు లేదు. చచ్చిపోయిందేమో అనుకున్నాను. చెయ్యి జిప్పు మీదికి పోయింది. ఇలాంటప్పుడే ఆయమ్మ నా చెయ్యి పట్టి ఆపేది. "సూడాలని నీకుంది బిడ్డా, దానికి లేదు."

ఇప్పుడు ఆపడానికి ఎవరూ లేరు. అప్పుడొచ్చింది ఏడుపు.

జిప్పు తియ్యలేదు. బ్యాగు పక్కకు అరచెయ్యి ఆనించి ఉంచాను. గుడ్డ వెనక చిన్న వెచ్చదనం పైకి లేచింది, కిందికి దిగింది, కాస్త ఆగి, మళ్ళీ లేచింది.