అవ్వ కాలికింది బ్రేకు

మా అవ్వ, అంటే మా అమ్మ, ఏ బండెక్కినా కుడికాలితో బ్రేకు వేస్తుంది. ఆర్టీసీ బస్సులో వెనక సీట్లో కూర్చున్నా సరే, రోడ్డుకు గేదె అడ్డం వస్తే చాలు, అవ్వ చెప్పు నేలను గట్టిగా నొక్కుతుంది. డ్రైవర్ వేసే బ్రేకు మీద ఆమెకు నమ్మకం లేదు. ఆ నమ్మకాన్ని పోగొట్టింది మా ఇంటి అంబాసిడరే. ఆ రోజు దాన్ని నడుపుతున్నది నేను.

ఆ కారు బాపుది, అంటే మా నాన్నది. కరీంనగర్ బస్టాండు దగ్గర కిరాయికి నడిపేవాడు. దుబాయికి పోయేవాళ్లను హైదరాబాద్‌లో విమానం దగ్గర దింపింది, మొక్కులున్నవాళ్లను వేములవాడకు తిప్పింది. బాపు పోయాక అది చొప్పదండిలో మా వాకిట్లోకి చేరింది. నేను బడిలో లెక్కలు చెబుతాను. ఆడమనిషికి ఇంత కారెందుకని వీధిలో నవ్వారు. ఎవరన్నా వద్దంటే ఆ పని చేసేదాకా నాకు అన్నం సహించదు. కాబట్టి నేర్చుకున్నాను.

అవ్వ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, కెరమెరి ఘాట్ అవతల ఉంటుంది. ఒక ఎండాకాలం వాళ్లింట్లో పెండ్లికి పోయి, అవ్వా నేనూ ఆసిఫాబాద్ వైపు ఘాట్ దిగుతున్నాం. ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము అంటే మూత పెట్టిన గిన్నె అనుకోండి. లోపలున్న లైనర్లు విచ్చుకుని గిన్నె గోడను పట్టుకుంటే చక్రం ఆగుతుంది. ఊళ్లో తిరగడానికి అది చాలు. మలుపు మలుపుకూ తొక్కుతూ కొండ దిగితే మాత్రం లోపలి వేడి బయటికి పోదు, లైనర్లు పట్టు వదిలేస్తాయి. సగం ఘాట్ దిగేసరికి పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం ఆగడం లేదు. గేరు తగ్గించాను, చేతి బ్రేకు లాగాను. చివరికి రోడ్డు పక్కన పోసిన కంకర కుప్పలోకి ఎక్కించాను.

ఇద్దరికీ గోరంత దెబ్బ తగల్లేదు. అవ్వ తలుపు తీసుకుని దిగి, కొంగు దులుపుకుని, వెనక వస్తున్న బస్సును చెయ్యెత్తి ఆపింది. నన్నూ రమ్మంది. కారును వదిలి రానన్నాను. ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఆ కారు సీటును అవ్వ ముట్టుకోలేదు.

ఆమె ఎక్కకపోవడంతోనే ఆగితే బాగుండేది. నేను కారు తీసిన రోజల్లా అవ్వ గేటు దగ్గర కుర్చీ వేసుకుని, నేను తిరిగొచ్చేదాకా అన్నం ముందు కూర్చునేది కాదు. అమ్మేయమని పోరు. ఒకరోజు ఇద్దరం బాగా మాటా మాటా అనుకున్నాం. అప్పుడు అవ్వ మెల్లగా ఒక మాటంది.

"నేను ఎక్కనే ఎక్క. కని నువ్వు నడుపుతుంటే నా పానం గా గుట్ట మీదనే ఉంటది బిడ్డా."

నా మొండితనం ఊరుకోలేదు. "దసరాకు గిదే కార్ల నిన్ను చిన్నమ్మ ఇంటికి తీస్కపోత. ఘాట్ల బ్రేకు పడకపోతే నేనే అమ్మేస్త" అన్నాను. మాట తప్పొద్దంది అవ్వ. తప్పనన్నాను.

బాపు కాలం నుంచీ మా కారు చూసే మెకానిక్ ఒకాయన కరీంనగర్‌లో ఉన్నాడు. నేను భాయ్ అని పిలుస్తాను. కొత్త లైనర్లు వేస్తే చాలు, ఉన్న బండిని పరేషాన్ చేయొద్దన్నాడు. నేను వినలేదు. ఇదే రకం కారు తర్వాతి రోజుల్లో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులతో వచ్చింది. డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం. దాన్ని రెండు వైపుల నుంచీ ప్యాడ్లు పట్టుకారుతో పట్టినట్టు పట్టుకుంటాయి. అంతా గాలికే ఉంటుంది కాబట్టి వేడి నిలవదు. ఆ సామాను కోసం కరీంనగర్‌లో పాత ఇనుము కొట్లన్నీ తిరిగాను, మంచిర్యాలకు పోయాను. ఆఖరికి ఆదిలాబాద్‌లో ఒక కొట్టు వెనక, తుమ్మచెట్టు కింద, ముందు భాగం చెక్కు చెదరని కారొకటి దొరికింది. డిస్కులు, వాటిని పట్టే సామాను, చక్రాలు బిగించే హబ్బులు అన్నీ విప్పించుకుని, బియ్యం సంచుల్లో కట్టి బస్సులో తెచ్చాను. కండక్టర్ సణిగాడు. సణగనిచ్చాను.

పని మా వాకిట్లోనే, ఆదివారాలు. భాయ్ స్కూటర్ మీద వచ్చేవాడు. తుప్పు పట్టిన బోల్టులు తిట్టినా, కొట్టినా కదలలేదు. డీజిల్ పోసి నానబెట్టి మళ్లీ ఆదివారం పట్టాం. పెడల్ దగ్గర నూనెను తోసే మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచుదామన్నాడు భాయ్. అది డ్రమ్ముల కోసం చేసింది, కాలు తీసినా పైపుల్లో కొంచెం ఒత్తిడి పట్టి ఉంచుతుంది, దానివల్ల డిస్కులు రాసుకుని కాలిపోతాయని నేను చదివాను. అదీ మార్చాల్సిందే అని కూర్చున్నాను. నా పట్టు ఉడుంపట్టని ఆయనకు తెలుసు. మార్చాడు.

అవ్వ ఆ పక్కకే రాలేదు. చాయ్ కూడా అరుగు మీద పెట్టి లోపలికి పోయేది.

చివరి ఆదివారం నేను బడి పని మీద కరీంనగర్ పోవాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి భాయ్ చక్రాలు బిగించి, చేతులు కడుక్కుంటున్నాడు. ఇద్దరం కారెక్కి ఇంటి ముందున్న తిన్నటి రోడ్డు మీదికి తీశాం. అవ్వ అరుగు మీద నిలబడి చూస్తోంది. కొంచెం వేగం అందుకుని బ్రేకు తొక్కాను. స్టీరింగు నా చేతుల్లోంచి లాక్కున్నట్టు ఎడమకు తిరిగింది. కారు మురికికాలువ అంచున ఆగింది.

అవ్వ లోపలికి పోయి ఫోను పట్టుకొచ్చింది. పాత ఇనుము కొనేవాడి నంబరు ఎప్పుడో దాచి పెట్టుకుందట. "పిలువాల్నా?" అని అడిగింది.

"దసరా ఇంక రాలే" అన్నాను.

భాయ్ పైపుల్లో గాలి ఉందేమోనని మళ్లీ తీశాడు. గాలి లేదు. మళ్లీ తొక్కితే మళ్లీ ఎడమకే. ఎడమకు లాగుతోందంటే కుడి పక్క సరిగా పట్టడం లేదన్నమాట. కుడి చక్రం విప్పమన్నాను. భాయ్ ఎందుకో జంకుతూ విప్పాడు. చక్రం ఊడగానే నాకు కాలిన నువ్వుల నూనె వాసన కొట్టింది. ఆ వాసన మా ఇంట్లో దేవుని గూడు దగ్గర తప్ప ఇంకెక్కడా రాదు. డిస్కు మీద పసుపు రంగు చుట్టూ తిరిగి మరకలు కట్టింది. ప్యాడ్లు నూనె తాగి నల్లబడ్డాయి.

భాయ్ వైపు చూశాను. ఆయన తల వంచుకున్నాడు.

"పొద్దున చూసిన చెల్లె. అమ్మ పెట్టిన పసుపు బొట్టు, నేనెట్ల తుడుస్త? పొడే గద, తిరిగితే రాలిపోతది అనుకున్న."

ఆయన తప్పేముంది? ఒకరు పెట్టిన బొట్టును ఇంకొకరు తుడవడం మా దగ్గర ఉందా? తన దేవుడు వేరని ఆయన ఇంకా జాగ్రత్తగా చూసుకున్నాడు. ఎడమ చక్రం గోడ వైపు ఉంది, అవ్వ చెయ్యి అటు చేరలేదు. చేరితే రెండు పక్కలా బ్రేకు పోయేది.

వెనక్కి తిరిగితే అవ్వ గుమ్మంలో ఉంది.

"పొడి పసుపు గా ఇనుము మీద నిలుస్తలేదు. గందుకే నూనెల కలిపిన" అంది. తర్వాత గొంతు తగ్గింది. "నీకేం గావద్దనే పెట్టిన బిడ్డా."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అరవడానికి నోరు కూడా తెరిచాను. కానీ కారు వైపే రాని మనిషి, మోకాళ్ల నొప్పులతో మట్టిలో కూర్చుని, విప్పిన చక్రం చోట పసుపు రాయడం కళ్లముందు కనిపించింది. కళ్లలో నీళ్లొచ్చాయి. భాయ్ ఒక్కడే తెలివిగా, బొట్టు బానెట్ మీద పెట్టమని, ఈ ఇనుముకు నూనె దుష్మన్ అని చెప్పాడు.

నూనె తాగిన ప్యాడ్లు ఇక పనికిరావు. రెండు పక్కలా కొత్తవి వేశాం. డిస్కు తోమడానికి అవ్వ చింతపండు పట్టుకొచ్చింది, ఇత్తడి గిన్నెలకు తెచ్చినట్టే. వద్దని పెట్రోలు గుడ్డ చేతికిచ్చాను. కొంగు నడుముకు దోపి తానే తుడిచింది, గరుకు కాగితంతో తానే రుద్దింది. రుద్దుతూ రుద్దుతూ ఆగింది.

"గీ గిన్నెకు మూత లేదేం?"

"లేదవ్వా. గందుకే వేడి నిలవదు."

కాసేపు ఆ పళ్లేన్ని చేత్తో తిప్పి చూసింది. "మూత తీస్తే పాలు పొంగవు" అని తనలో తానే అనుకుంది. నేను నెలల తరబడి చెప్పలేకపోయింది ఆమెకు ఆ ఒక్క మాటలో అర్థమైపోయింది. సాయంత్రం రోడ్డు మీద తొక్కితే కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. అవ్వ ఫోను తియ్యలేదు.

దసరాకు చిన్నమ్మ ఇంటికి పోయాం. ఎక్కేటప్పుడు అవ్వ బాగానే మాట్లాడింది. తిరుగు ప్రయాణంలో ఘాట్ మొదలవగానే కుడికాలు ముందుకు చాపింది. ముందు సీట్లో, నా పక్కనే, ప్రతి మలుపుకూ ఆమె చెప్పు కిర్రుమనడం వినిపిస్తూనే ఉంది. నేను తొక్కినప్పుడల్లా ఆమె తొక్కుతోంది. మాట ఇచ్చాను కదా, ఈ దిగుడులో పట్టు తప్పితే కారు పోతుంది, కారుతో పాటు ఇంకేదో కూడా పోతుంది.

కంకర కుప్ప ఉన్న మలుపు వచ్చింది. కుప్ప ఇప్పుడు లేదు, గడ్డి మొలిచింది. వెనక ఏ బండీ లేదని చూసుకుని, అవ్వకు చెప్పి, అక్కడే గట్టిగా తొక్కాను. అప్పటికి సగం ఘాట్ దిగాం. కారు ఎటూ లాగకుండా నిలబడింది.

అవ్వ కిటికీలోంచి ఆ గడ్డి వైపు చాలాసేపు చూసింది. తర్వాత చెప్పులు విప్పి పక్కకు నెట్టి, రెండు కాళ్లూ సీటు మీదికి మడుచుకుని బాసింపట వేసుకుంది. చిన్నమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసి కట్టిచ్చిన మలీద ముద్దల మూట విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"ఇగ పోనియ్ బిడ్డా" అంది.

మిగిలిన ఘాట్ అంతా బ్రేకు నేనొక్కదాన్నే వేశాను.